డాలస్ లేకులకి మొదటి జెట్ స్కీ: వీఎక్స్ క్రూజరా, జీటీఐనా, స్పార్కా?

ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో ఉండే మనవాళ్ళకి లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, లవాన్, రే హబ్బర్డ్ లేకులు పెద్ద దూరం కాదు. ఎండలు ముదిరేసరికి చాలా ఇళ్ళలో జెట్ స్కీ (నీళ్ళ మీద నడిపే మోటర్‌సైకిల్ లాంటి బండి) మాట వస్తుంది. డీలర్ దగ్గరికి వెళ్ళగానే మాట హార్స్‌పవర్ మీదకి మళ్ళుతుంది. ఇంటిల్లిపాదీ ఎక్కే మొదటి బండికి చిట్టచివర చూడాల్సిన అంకె అది. ముందు తేల్చుకోవలసినవి వేరే ఉన్నాయి: ఎంత బరువు మోస్తుంది, ఆగి ఉన్నప్పుడు ఎంత ఊగుతుంది, నీళ్ళలో పడ్డవాళ్ళు వెనకనుంచి సులువుగా ఎక్కగలరా. ఈ లెక్కన చూస్తే ఎక్కువ కుటుంబాలకి సరిపోయేది యమహా వీఎక్స్ క్రూజర్. పిల్లల్ని గాలి నింపిన ట్యూబ్ మీద కూర్చోబెట్టి బండి వెనక లాగడమే ముఖ్యమనుకునేవాళ్ళకి సీడూ కంపెనీ జీటీఐ ఎస్‌ఈ 170. సీడూ స్పార్క్ చవకే గానీ, నలుగురున్న ఇంటికి మొదటి బండి కాదు.

స్పార్క్‌తోనే మొదలుపెడదాం, ఎక్కువమంది బోల్తా పడేది దాని ధర చూసే కాబట్టి. 2014 మోడల్‌గా వచ్చిన ఈ బండిలో 900 సీసీ రోటాక్స్ ఇంజన్ ఉంటుంది, 60 గానీ 90 గానీ హార్స్‌పవర్. బండి బరువు 400 పౌండ్ల పైచిలుకు, అందుకే చురుగ్గా తిరుగుతుంది. చిక్కంతా మోసే బరువులో ఉంది. ముగ్గురు కూర్చునే మోడల్ పరిమితి 450 పౌండ్లు. భర్త 180, భార్య 145, పదేళ్ళ పిల్లాడు 75 అనుకుంటే 400 అయిపోయింది. లైఫ్ జాకెట్లు, నీళ్ళ సీసాలు, తాడు, లంగరు కలిపితే అంచుకి వచ్చేసినట్టే. అంత బరువుతో ఆగి ఉంటే పక్కకి ఊగుతుంది, ఒకరు వెనకనుంచి ఎక్కబోతే మిగతావాళ్ళూ నీళ్ళలోకి జారిపోతారు. ట్యాంకు కూడా 7.9 గ్యాలన్లే. ఇద్దరే తిరిగే జంటకి, లేదా ఇంట్లో ఇప్పటికే ఒక పెద్ద బండి ఉండి రెండోది కావాలంటే మాత్రం స్పార్క్ మంచి సరదా.

జీటీఐ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. 1630 సీసీ ఇంజన్, 130 లేదా 170 హార్స్‌పవర్, 600 పౌండ్ల పరిమితి, 18.5 గ్యాలన్ల ట్యాంకు. వెనక పలక వెడల్పుగా, చదునుగా ఉంటుంది. దాని మీద కూలర్‌ని లింక్ అనే సీడూ కొక్కేలతో బిగించుకోవచ్చు, పిల్లలు కూర్చుని కాళ్ళు నీళ్ళలో ఆడించుకోవచ్చు. సీడూ ఇంజన్‌ని చల్లబరిచేది కారులోలాగా లోపలే తిరిగే కూలెంటు, లేకు నీళ్ళు కావు. ఒడ్డు దగ్గరి బురద, ఇసుక ఇంజన్ లోపలి దారుల్లోకి పోవు. బదులుగా కూలెంటు మార్పించే ఖర్చొకటి ఉంటుంది.

యమహాలో లేకు నీళ్ళే ఇంజన్ చుట్టూ తిరిగి బయటికి పోతాయి. భాగాలు తక్కువ, రిపేరు సులువు. ఉప్పు లేని మంచినీటి లేకులో ఇది లోపమేమీ కాదు, లోతు తక్కువ చోట బురద పీల్చకుండా చూసుకుంటే చాలు. వీఎక్స్ క్రూజర్‌లో ఉన్నది టీఆర్-1, 1049 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్. మొండిదని పేరు, అమ్ముకునేటప్పుడు కూడా ధర నిలుస్తుంది. సీటు మెట్లుగా ఉండి వెనక కూర్చున్నవాళ్ళ నడుముకి ఆనుకుంటుంది, గంటసేపు తిరిగినా కూర్చోబుద్ధవుతుంది. దీని బలహీనత ఒక్కటే: ముగ్గురు పెద్దవాళ్ళు ఎక్కి, వెనక ట్యూబ్ కూడా కట్టి లాగితే నీళ్ళ మీదకి లేవడానికి ఆయాసపడుతుంది. ప్రతి వారం ట్యూబింగే పని అయితే జీటీఐ ఎస్‌ఈ 170 గానీ, పెద్ద ఇంజన్ ఉన్న వీఎక్స్ క్రూజర్ హెచ్‌ఓ గానీ చూడండి. కవాసకీ ఎస్‌టీఎక్స్ 160 కూడా తీసిపారేయదగ్గది కాదు. 1498 సీసీ, 160 హార్స్‌పవర్, 20.6 గ్యాలన్ల ట్యాంకు. సర్వీసు చేసే డీలరు దగ్గర్లో ఉంటే ఆలోచించవచ్చు.

సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టి బలం పెంచే పరికరం) ఉన్నవాటి జోలికి మొదటిసారే పోవద్దు. వాటికి ప్రీమియం పెట్రోలు కావాలి, వేగం కొత్త చేతులకి మించినది, పాత సీడూల్లో అయితే ఇన్ని గంటలకోసారి సూపర్‌చార్జర్ విప్పి బాగుచేయించాలి. పైన చెప్పిన మామూలు ఇంజన్లన్నీ 87 ఆక్టేన్‌తో నడుస్తాయి, ఇథనాల్ పది శాతం దాటకూడదు.

ఏ కంపెనీదైనా బ్రేకు లేని మోడల్ తీసుకోవద్దు. జెట్ స్కీకి చుక్కాని ఉండదు. పంపులోంచి నీళ్ళు ఎగజిమ్ముతుంటేనే తిరుగుతుంది. ఎదురుగా డాక్ కనబడగానే కొత్తవాళ్ళు కంగారుపడి థ్రాటిల్ వదిలేస్తారు, హ్యాండిల్ మాత్రం తిప్పుతారు. బండి తిరగదు, నేరుగా వెళ్ళి గుద్దుతుంది. సీడూ ఐబీఆర్, యమహా రైడ్ రెండూ ఎడమ చేతి లివర్ నొక్కగానే వెనక ఉన్న బకెట్ లాంటి మూతని కిందికి దింపి నీటి ధారని ముందుకు మళ్ళిస్తాయి. ఆపడానికీ, ర్యాంప్ దగ్గర వెనక్కి తీసుకోవడానికీ అదే లివర్. జీటీఐలో, వీఎక్స్ క్రూజర్‌లో ఇది ఉంటుంది. స్పార్క్‌లో బాగా చవక రకానికీ, యమహా ఈఎక్స్ బేస్ మోడల్‌కీ ఉండదు.

కొత్త ధరలు సుమారుగా చెప్పాలంటే స్పార్క్ ఏడు వేల డాలర్ల దగ్గర మొదలవుతుంది, జీటీఐ 130 పదకొండు పన్నెండు వేలు, వీఎక్స్ క్రూజర్ పదమూడు దాటుతుంది. ఫ్రైట్, సెటప్, డాక్యుమెంట్ ఫీజులు, 6.25 శాతం టెక్సస్ పన్ను, ట్రెయిలర్ వీటికి అదనం. ధర అడిగితే బయటికి తీసుకెళ్ళే మొత్తమే చెప్పమనండి.

లాగడానికి ట్రక్కు కొనక్కర్లేదు. బండి 750 పౌండ్లు, నిండు ట్యాంకు మరో 110, ఒంటి ట్రెయిలర్ కలిపితే పదకొండు వందల చిల్లర. ఇప్పటి సియెన్నా, టో ప్యాకేజీ ఉన్న మోడల్ వై రెండూ 3,500 పౌండ్లు లాగుతాయి. రావ్4 ఉన్నవాళ్ళు మాత్రం మాన్యువల్ తీసి చూసుకోవాలి, కొన్ని రకాలకి పరిమితి 1,500 పౌండ్లే. రెండు జెట్ స్కీల ట్రెయిలర్‌కి అది చాలదు.

పాడయ్యే బండ్లు ఎక్కువగా నీళ్ళలో కంటే ర్యాంప్ మీదా, ఇంటి ముందరా పాడవుతాయి. వెనక అడుగున రెండు డ్రెయిన్ ప్లగ్గులుంటాయి. బయటికి తీశాక విప్పి నీళ్ళు పోనివ్వాలి, దించేముందు చేత్తో తడిమి బిగించాలి. ఇది మరిచి దింపితే అడుగున నీళ్ళు చేరి బండి మెల్లగా కుంగుతుంది. ఇంటికొచ్చి గొట్టంతో కడిగేటప్పుడు వరస తప్పకూడదు: ముందు ఇంజన్ స్టార్ట్, తరవాత నీళ్ళు. ఆపేటప్పుడు ముందు నీళ్ళు కట్టేసి, తరవాత ఇంజన్. తిరగేసి చేస్తే నీళ్ళు పొగగొట్టంలోంచి సిలిండర్లలోకి వెళ్తాయి. యమహాని నీళ్ళు అందకుండా 15 సెకన్లకి మించి తిప్పకూడదు. లేకులో మూడడుగుల లోతు వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దు, గులకరాయి లోపలికి పోతే ఇంపెల్లర్ (పంపులో తిరిగే ఫ్యాన్) రెక్కలు నొక్కుకుపోతాయి.

బండి బోల్తా కొడితే దాన్ని ఎటు పడితే అటు తిప్పకూడదు. వెనక అతికించిన స్టిక్కర్ మీద బాణం గుర్తు ఉంటుంది, అటే తిప్పాలి. రెండోవైపు తిప్పితే ఎగ్జాస్ట్‌లో నిలిచిన నీళ్ళు ఇంజన్‌లోకి జారతాయి. ట్యూబ్ తాడు పంపులోకి చుట్టుకుంటే ఇంజన్ ఆపి, చేతికి కట్టుకున్న, ఇంజన్ ఆపే తాడు పీకేసి, అప్పుడే చెయ్యి పెట్టాలి.

డీలర్లు చాలామంది చెప్పని మాట ఒకటుంది. వెనక కూర్చున్నవాళ్ళు జారి జెట్ ధార ఎదుట పడితే, ఆ ఒత్తిడికి నీళ్ళు శరీరం లోపలికి దూసుకెళ్ళి తీవ్రమైన గాయాలవుతాయి. ముఖ్యంగా ఆడవాళ్ళకి ప్రమాదం. పలచటి ఈత దుస్తులు ఆపలేవు. బండి మీది హెచ్చరిక స్టిక్కరే వెట్‌సూట్ (నియోప్రీన్ అనే మందపాటి రబ్బరు దుస్తులు) అడుగుభాగం వేసుకోమంటుంది. ఇంట్లో ఎంతమంది ఎక్కుతారో అన్ని నియోప్రీన్ షార్ట్స్ కొనండి. పాదాలు అడుగున ఆననంత చిన్న పిల్లల్ని ఎక్కించవద్దు.

టెక్సస్‌లో 1993 సెప్టెంబర్ 1న గానీ ఆ తరవాత గానీ పుట్టినవాళ్ళు నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ పూర్తి చేసి ఉండాలి. 13 ఏళ్ళలోపు పిల్లలు ఒంటరిగా నడపకూడదు. కంపెనీలైతే 16 నిండాలంటాయి, ఇంట్లో ఆ లెక్కే పాటించండి. ఎక్కిన ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాలి, గాలి నిండే రకం పనికిరాదు. సూర్యాస్తమయం తరవాత నడపకూడదు. పక్క బోట్లకి 50 అడుగుల లోపలికి వెళ్తే నెమ్మదిగానే కదలాలి. లూయిస్‌విల్‌తో సహా చాలా లేకుల్లో జీబ్రా మసెల్స్ (బోట్లతో ఒక లేకు నుంచి ఇంకోదానికి పాకే చిన్న ఆల్చిప్పలు) చేరాయి గనుక, బయటికి రాగానే అక్కడే నీళ్ళన్నీ తీసేయడం చట్టం.

పాతది కొనేవాళ్ళు గంటల మీటరుతో సరిపెట్టుకోవద్దు. ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడండి, పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్ళు చేరాయి, అక్కడితో బేరం ఆపేయండి. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ పరీక్షలో అన్ని సిలిండర్ల అంకెలూ పది శాతం తేడాలోపు ఉండాలి. టార్చి వేసి వెనకనుంచి ఇంపెల్లర్ చూడండి. రెక్కలకీ చుట్టూ ఉన్న రింగుకీ మధ్య గోరు దూరేంత సందు ఉంటే ఇంజన్ గోల పెడుతుంది, బండి మాత్రం కదలదు. సీడూలో ఆ రింగు ప్లాస్టిక్‌ది, మార్చుకోవచ్చు, బేరంలో తగ్గించుకోండి. వెనక చెక్కిన 12 అక్షరాల హల్ (బండి డొప్ప) నంబరు టైటిల్‌తో కలవాలి. టైటిల్ మీది పేరు అమ్మేవాళ్ళదే అయ్యుండాలి. ఇక ట్రెయిలర్ చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పండి. గరగరమంటే బేరింగులు పోయినట్టే, ఇంటికి లాక్కెళ్ళకముందే మార్పించండి.