1.8 లీటర్ల రైస్ కుక్కరు: మూడేళ్ళ వాడకం తరువాత

మా ఇంట్లో 1.8 లీటర్ల, 700 వాట్ల రైస్ కుక్కరు కొని మూడేళ్ళు దాటింది. మీట నొక్కితే అన్నం ఉడికి, ఉడకగానే టక్కుమని శబ్దం చేసి 'వార్మ్'లోకి మారే మామూలు రకం ఇది. ఈ తరహా కుక్కర్ల లోపలి పనితీరు ఏ కంపెనీదైనా దాదాపు ఒకటే కనుక పేరు ప్రస్తావించడం లేదు. మొదటి ఏడాది దీనిమీద నేను చెప్పుకున్న ఫిర్యాదుల్లో చాలా వరకు కుక్కరువి కావని, బియ్యం కడగడంలోను గిన్నె తుడవడంలోను మేము చూపిన అశ్రద్ధవని తరువాత తెలిసింది.

గంజి వార్చే రోజుల్లో బియ్యం ఒకసారి కడిగినా, మూడుసార్లు కడిగినా పెద్ద తేడా కనిపించేది కాదు; గింజల మీద మిగిలిన తౌడు, పిండి గంజితోపాటే పోయేవి. కుక్కరు వంట అంతా అత్తెసరే. గిన్నెలోకి వెళ్ళినది ఏదీ బయటికి రాదు కాబట్టి, కడగడంలో వదిలేసిన పిండి అన్నాన్ని ముద్ద చేయడమో, నురగై మూత చిల్లులోంచి పొంగడమో తప్పదు. మా మొదటి నెల ఫిర్యాదు ఇదే: ఉడుకు పట్టగానే జిగట నీరు మూత చుట్టూ చిమ్మి, వంటగట్టు మీద ఎండి అట్టకట్టేది. కుక్కరు లోపమనుకుని దుకాణానికి ఫోన్ కూడా చేశాను. ఒక పండక్కి వచ్చిన మా అత్తగారు నేను బియ్యం కడిగే తీరు చూసి, 'అది కడగడం కాదమ్మా, తడపడం' అన్నారు.

ఆవిడ పద్ధతే ఇప్పుడు మాది. మొదటి నీళ్ళు పోసి, ఒక్కసారి కలిపి వెంటనే వంచేయాలి. పొడి బియ్యం మొదట తగిలిన నీటిని చురుగ్గా పీల్చుకుంటుంది కనుక, తౌడు కలిసిన ఆ నీళ్ళలో బియ్యాన్ని నాననిస్తే అన్నానికి ముక్క వాసన పడుతుంది. రెండో నీళ్ళలో వేళ్ళు విడిచి, గింజ గింజకు రాసుకునేలా పది పన్నెండు సార్లు తిప్పాలి. అరచేతితో పిసికితే సాంబమసూరి వంటి సన్నబియ్యం విరిగి నూకలై, మళ్ళీ పిండి వదులుతుంది. మూడో నీళ్ళు వంచేటప్పుడు నీటి అడుగున గింజలు విడివిడిగా కనిపిస్తే చాలు. నీళ్ళు అద్దంలా తేరాలని ఏడెనిమిది సార్లు కడగడం వృథా. బి విటమిన్లు నీళ్ళలో కరిగిపోయేవే. ఫోర్టిఫైడ్ బియ్యమైతే ఇంకా తక్కువ కడగాలి. అందులో సుమారు నూరు గింజలకు ఒకటి చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 చేర్చి తయారుచేసిన గింజలు ఉంటాయి, వాటిలో కొన్ని నీళ్ళ మీద తేలుతాయి కూడా. మా పనమ్మాయి వాటిని ప్లాస్టిక్ బియ్యమనుకుని చాలాకాలం ఏరి పారేసింది. ఇక కడుగు నీళ్ళు మా బాల్కనీలోని కరివేపాకు మొక్కకు వెళ్తాయి.

కుక్కరుతో వచ్చిన చిన్న కప్పు 180 మిల్లీలీటర్లది. అది జపాను కొలత. వాళ్ళ 'గో' అంటే అంతే, పది 'గో'లు కలిస్తే ఒక 'షో', అదే మన కుక్కరు మీద రాసిన 1.8 లీటర్లు. మన సోల, తవ్వలతో దీనికి చుట్టరికం లేదు కనుక ఇంట్లో ఏ గ్లాసు వాడినా ఫరవాలేదు, బియ్యానికీ నీళ్ళకూ అదే గ్లాసు వాడితే సరి. అసలు ఇబ్బంది గిన్నె లోపలి నీటి కొలత గీతలతో వచ్చింది. వాటిని నమ్మి పాత బియ్యం వండినన్నాళ్ళూ అన్నం పలుకుగానే ఉండిపోయింది. కొత్త బియ్యానికి గ్లాసుకు రెండు, ఏడాది దాటిన పాత బియ్యానికి రెండున్నర గ్లాసుల నీళ్ళు పోసి, అరగంట నానబెట్టి మీట నొక్కితే మా ఇంట్లో అందరికీ నచ్చే అన్నం వస్తోంది.

కడిగేది మాత్రం కుక్కరు గిన్నెలో కాదు, వేరే గిన్నెలో. ఇందుకు కారణం అర్థం కావాలంటే గిన్నె తీసి లోపలికి చూడాలి. వేడెక్కే పళ్ళెం మధ్యలో రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దదైన ఒక బొడిపె స్ప్రింగు మీద ఆడుతుంటుంది. గిన్నెలో నీళ్ళున్నంతసేపూ అడుగు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది; నీళ్ళు ఇంకిపోగానే వేడి పైకి ఎగబాకుతుంది, బొడిపెలోని అయస్కాంతం పట్టు సడలి మీట టక్కుమని ఎగురుతుంది. 1955లో జపానులో తోషిబా అమ్మకానికి తెచ్చిన తొలి ఆటోమేటిక్ కుక్కరులో ఈ ఏర్పాటు లేదు. బయటి గిన్నెలో పోసిన నీళ్ళు సుమారు 20 నిమిషాల్లో ఆవిరైపోతే స్విచ్చి పడిపోయేది. ఇప్పటి కుక్కరు తెలివి మొత్తం ఆ బొడిపె గిన్నె అడుగును సరిగ్గా తాకడంలోనే ఉంది. గిన్నె అడుగున తడి ఉన్నా, సొట్ట ఉన్నా, పళ్ళెం మీద ఒక్క మెతుకు మాడి అంటుకున్నా లెక్క తప్పుతుంది: ఒకనాడు అన్నం ఉడకకముందే టక్కుమంటుంది, మరొకనాడు అడుగంటేదాకా ఉలకదు. అందుకే గిన్నెను లోపల దించే ముందు అడుగును పొడిగుడ్డతో తుడిచి, దించాక అటూ ఇటూ కొద్దిగా తిప్పి కూర్చోబెడతాను. పళ్ళెం మీద మాడినదాన్ని, ప్లగ్గు తీసి చల్లారాక, పిండిన తడిగుడ్డతో నానబెట్టి తీస్తాను.

రెండో ఏడాది జరిగిన మరమ్మతు పూర్తిగా మా నిర్వాకం. అన్నం పలుకుగా ఉందని, లేచిన మీటను కిందికి నొక్కి, మళ్ళీ లేవకుండా చెంచా అడ్డుపెట్టాం. పది నిమిషాలకు కుక్కరు చడీచప్పుడూ లేకుండా ఆగిపోయింది. లోపలి థర్మల్ ఫ్యూజు కాలిందని, అది కాలడం వల్లనే ఇల్లు కాలలేదని మరమ్మతు చేసినతను 250 రూపాయలు తీసుకుని మరీ చెప్పాడు. పలుకున్న అన్నం మీద కాసిని వేడినీళ్ళు చిలకరించి, మూతపెట్టి పదినిమిషాలు వార్మ్‌లో వదిలితే సరిపోతుందని అప్పటికి మాకు తెలియదు.

కుక్కరులో నిజమైన లోపాలూ ఉన్నాయి. గిన్నెలోని కొలత గీతలు రెండేళ్ళకే అరిగిపోయాయి. తీగ మరీ పొట్టి, ప్లగ్గు పాయింటు పక్కనే పెట్టుకోక తప్పదు. అల్యూమినియం గిన్నె మా బోరునీళ్ళకు తెల్లటి పొర కడుతుంది. దాన్ని ఇనుప పీచుతో తోమితే గీతలు పడి అన్నం అంటుకుంటుంది, అందుకని నెలకోసారి నిమ్మచెక్కలు వేసి నీళ్ళు మరిగించి మెత్తటి పీచుతో తోముతున్నాం. పులిహోర అందులోనే కలిపి ఉంచడం మానేశాం, పులుపుకు అల్యూమినియం కొద్దికొద్దిగా కరుగుతుంది. వార్మ్‌లో నాలుగు గంటలు దాటితే అడుగు అన్నం ఎండి పెచ్చు కడుతుంది. అలాగని స్విచ్చి కట్టేసి అన్నాన్ని అందులోనే వదిలేయడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఉడుకుకు చావని బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు గోరువెచ్చని అన్నంలో పెరిగి, మళ్ళీ వేడిచేసినా పోని విషాన్ని తయారుచేస్తాయి. మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో ఆరబోసి గంటలోపు ఫ్రిజ్‌లో పెడుతున్నాం.

నలుగురైదుగురున్న ఇంటికి ఈ కుక్కరు నిస్సందేహంగా కొనదగినది. ఇద్దరే ఉంటే ఒక లీటరుది తీసుకోవడం మంచిది. ఇంత పెద్ద గిన్నెలో ఒక గ్లాసు బియ్యం వేస్తే అడుగున పలుచగా పరుచుకుని, ఎంత బాగా కడిగినా, ఎంత తుడిచి పెట్టినా ఎర్రగా మాడుతోంది.