జానమద్ది వారి చేతి మీదుగా లేచిన కడప బ్రౌన్ లైబ్రరీ: ఎవరికి పనికొస్తుంది, ఎలా వాడుకోవాలి

కడప జిల్లాలో మీ ఊరి పాత సంగతులు తవ్వుకోవాలంటే ముందుగా తొక్కాల్సిన గడప కడప ఎర్రముక్కపల్లెలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. ఊళ్లో అందరూ బ్రౌన్ లైబ్రరీ అనే అంటారు. పోటీ పరీక్షల గైడ్లకో, కొత్త నవలలకో అయితే అక్కడిదాకా పోనక్కర్లేదు, జిల్లా గ్రంథాలయంలో పని అయిపోతుంది. కైఫియత్తులు (పాత గ్రామ చరిత్రలు), తాళపత్రాలు, పాత నిఘంటువులు, సీమ రచయితల పుస్తకాలు కావాలంటే మాత్రం ఇక్కడికే రావాలి. తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థను పక్కన పెడితే రాయలసీమలో ఈ పనికి దీన్ని మించిన చోటు లేదన్నది మా మాట.

ఈ గ్రంథాలయం గురించి రాస్తూ జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారిని పక్కన పెట్టడం కుదరదు. 1926లో అనంతపురం జిల్లా రాయదుర్గంలో పుట్టారు. తెలుగులో, ఇంగ్లిషులో రెండింటా ఎం.ఏ. చేసి, పాఠాలు చెప్పుకుంటూ కడపలో స్థిరపడ్డారు. పాఠం చెప్పి ఇంటికి వెళ్లిపోయే మనిషి కాదు. కడప జిల్లా రచయితల సంఘాన్ని ఏళ్ల తరబడి నడిపించారు. బళ్ళారి రాఘవ, మోక్షగుండం విశ్వేశ్వరయ్య, బ్రౌన్ వంటి వారి జీవితాలు మామూలు చదువరికి అందేలా రాశారు. 2014 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆయన రాసినవన్నీ ఒక ఎత్తు, నిలబెట్టిన ఈ లైబ్రరీ ఒక్కటీ ఒక ఎత్తు.

ఈస్టిండియా కంపెనీ అధికారి బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు. తర్వాత ఇక్కడే బంగళా కొని, పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి పెట్టుకుని, చెదలు తింటున్న తాటాకు ప్రతులను వెతికించి, ఒకదానితో ఒకటి పోల్చించి, శుద్ధప్రతులు రాయించాడు. వేమన పద్యాలను 1829లో అచ్చుకెక్కించిన మనిషి ఆయనే. ఆ బంగళా కాలక్రమాన కూలి మొండిగోడలు మిగిలాయి. బ్రౌన్ కాగితాలను తవ్వితీసిన బంగోరె (బండి గోపాలరెడ్డి) వంటి పరిశోధకుల వల్ల ఆ చోటు విలువ నలుగురికీ తెలిసింది. శాస్త్రిగారు బ్రౌన్ పేరిట పెట్టిన ట్రస్టుకు కార్యదర్శిగా ఉండి, చందాలు అడిగి, పుస్తకాలు అడిగి, ప్రభుత్వం చుట్టూ తిరిగి, ఆ శిథిలాల చోటనే గ్రంథాలయం లేపారు. ఎనభైల చివర్లో పునాది పడితే తలుపులు తెరుచుకునేసరికి తొంభైల నడిమికొచ్చింది. తర్వాత యోగి వేమన విశ్వవిద్యాలయం దీన్ని తన కిందికి తీసుకుంది.  శాస్త్రిగారు బ్రౌన్‌కి ఒక విగ్రహం పెట్టించడంతో సరిపెట్టుకోలేదు. బ్రౌన్ ఏ పని చేశాడో ఆ పని సాగే చోటు కట్టారు. ఒక అధ్యాపకుడు ఊరికి ఇవ్వగలిగిన వాటిలో ఇంతకంటే పెద్దది మాకు కనిపించదు. ఆయన్ను తలుచుకోవాలనుకునే వాళ్లు వర్ధంతి నాడు దండ వేసి రావడంతో ఆగకుండా, ఒక పూట కూర్చుని చదివి రండి.

ఇక వాడకం సంగతి.

ఇక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి కావాల్సింది కైఫియత్తు. 1800 తర్వాత సర్వే అధికారి మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి, కరణాల దగ్గరున్న దండకవిలెలు (గ్రామ లెక్కల కట్టలు) చూసి, పెద్దలను అడిగి రాయించుకున్న గ్రామ చరిత్రలవి. ఆ కాగితాలు చివికిపోతుంటే బ్రౌన్ మళ్లీ శుభ్రంగా నకళ్లు రాయించాడు. కడప జిల్లావి ఈ కేంద్రమే కట్టా నరసింహులు గారి సంపాదకత్వంలో సంపుటాలుగా అచ్చువేసింది. ముందు అచ్చు సంపుటాలే అడగండి. రాతప్రతి మోజుతో నేరుగా దాని మీద పడితే రోజంతా పోయి పుటన్నర కూడా జరగదు.

బయల్దేరే ముందు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి. ఊరి ఇప్పటి పేరు, పెద్దలు పలికే పేరు, పాత తాలూకా, చుట్టుపక్కల మూడు నాలుగు ఊళ్లు. వీటిలో పాత తాలూకా దగ్గరే చాలామంది దారి తప్పుతారు. అప్పటి కడప జిల్లా ఇప్పటిది కాదు. కోయిలకుంట్ల 1858లో కర్నూలు జిల్లాకు పోయింది. కదిరి 1910లో అనంతపురానికి, మదనపల్లె, వాయల్పాడు 1911లో కొత్తగా ఏర్పడిన చిత్తూరుకు పోయాయి. 2022లో రాజంపేట, రాయచోటి వైపు అన్నమయ్య జిల్లా అయింది. కాబట్టి మదనపల్లె వాళ్లు చిత్తూరు కింద, కదిరి వాళ్లు అనంతపురం కింద వెతికి, లేదనుకుని వెనక్కి పోతుంటారు. కడప కిందే చూడాలి.

అక్షరక్రమంలో ఇంకో చిక్కు. కరణాలు పలికినట్టే రాశారు. ఒంటిమిట్ట వొంటిమిట్ట అవుతుంది, ఎర్రగుంట్ల యెర్రగుంట్ల అవుతుంది, ఇచ్చి అన్నది యిచ్చి. సూచికలో అచ్చుల కింద కనిపించకపోతే ‘య’, ‘వ’ల కింద చూడండి. మీ ఊరికి విడిగా కైఫియత్తు లేకపోయినా కంగారు పడొద్దు. చిన్న పల్లెలు పక్క పెద్ద ఊరికి మజరాలుగా, అంటే శివారు పల్లెలుగా లెక్కలో ఉంటాయి. అందుకే చుట్టుపక్కల ఊళ్ల పేర్లు రాసుకోమన్నది.

భాష పాత వాడుక తెలుగే గానీ, రెవెన్యూ మాటలు పారసీ నుంచి వచ్చినవి. మౌజే అంటే గ్రామం, కస్బా అంటే ఆ ప్రాంతానికి ముఖ్యమైన ఊరు, సాయరు అంటే సరుకుల మీద సుంకం, పేష్కష్ అంటే కప్పం, బేచిరాకు అంటే జనం లేక పాడుబడిన ఊరు. ఇలాంటి మాట తగిలితే బ్రౌన్ పెద్ద తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు కంటే ముందు ఆయనదే మిశ్రభాషా నిఘంటువు తెరవండి, పరభాషా పదాలన్నీ అందులో విడిగా చేర్చాడు. పెద్ద నిఘంటువు చూసేటప్పుడు ఏ ముద్రణో గమనించండి. 1852 నాటిది బ్రౌన్ సొంతం. 1903 నాటిది కందుకూరి వీరేశలింగం వంటి వాళ్లు చేయి పెట్టి సవరించినది. బ్రౌన్ ఇలా అన్నాడని రాయాలంటే మొదటిదే చూడాలి.

తేదీల దగ్గర అందరూ తడబడతారు. మూడు లెక్కలు కలగలిసి ఉంటాయి. శాలివాహన శకానికి 78 కలిపితే ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. జనవరి మొదలయ్యాక ఉగాదిలోపు పడే తిథులైతే 79 కలపాలి. ఫసలీకి, అంటే శిస్తు లెక్కల సంవత్సరానికి, 590. అది జూలైలో మొదలవుతుంది గనక జనవరి నుంచి జూన్ దాకా నెలలకు 591. మూడోది ప్రభవ విభవల వరుస. దీనికి ఒక సులువుంది. 1987 ప్రభవ. అక్కణ్ణుంచి అరవైలు తీసేస్తూ పోతే 1927, 1867, 1807 ప్రభవలు. ఇప్పుడు శక 1732, ప్రమోదూత, ఫసలీ 1220 అని కనిపించిందనుకోండి. ప్రమోదూత వరుసలో నాలుగోది కాబట్టి 1810 ఉగాదితో మొదలు. శకానికి 78 కలిపినా 1810. ఫసలీ ప్రకారం 1810 జూలై తర్వాత. అంటే ఆ రాత 1810 జూలైకీ 1811 ఉగాదికీ మధ్యది. మూడు లెక్కలూ ఒకదాన్నొకటి పట్టి చూస్తాయి.

లెక్క ఒక్క ఏడాది తేడా వస్తే తప్పనుకోవద్దు. గడిచిన శకమా, నడుస్తున్న శకమా అన్న తేడా అది. పదో, ముప్పయ్యో తేడా వస్తే నకలు రాసినవాడు అంకె తప్పు చదివాడన్నమాట. తెలుగు అంకెల్లో ౧ కొస కలిసిపోతే ౦ లాగే ఉంటుంది. ౨, ౩ గబగబా రాస్తే ఒకటే. అలాంటప్పుడు సంవత్సరం పేరును నమ్మండి. ప్రమోదూతను ఇంకో పేరుగా చదవడం కష్టం, అంకెను తప్పు చదవడం తేలిక.

డబ్బు విషయంలో వరహా అని చూడగానే రూపాయల్లోకి మార్చేయకండి. మద్రాసు స్టార్ వరహా మూడున్నర రూపాయలు. సీమలో చెలామణీ అయిన కంఠీరాయ వరహా అంతకంటే తక్కువ. ఏ వరహానో తేలనప్పుడు వరహా అనే రాసి వదిలేయడం మేలు.

కైఫియత్తులో ఏది ఎంతవరకు నమ్మాలి? మొదట్లో జనమేజయుడు, రాముడు, ఋషుల తపస్సు వస్తాయి. అది స్థలపురాణం, ఆ లెక్కనే చదవాలి. విజయనగర రాజుల దానాల భాగాన్ని రాష్ట్ర పురావస్తుశాఖ అచ్చువేసిన కడప జిల్లా శాసన సంపుటాలతో పోల్చాలి. శాసనం దొరికితే సరే, దొరక్కపోతే కైఫియత్తు ప్రకారం అని రాయాలి. హైదరు, టిప్పు, నిజాం, 1800లో కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) చేతికి సీమ రావడం, ఇవి చెప్పినవాళ్ల తాతల కాలానికీ వాళ్ల కాలానికీ చెందినవి, గట్టిగానే ఉంటాయి. ఇనాముల దగ్గర మాత్రం జాగ్రత్త. రాయించేవాడు కరణం, మాన్యం అనుభవించేదీ తరచూ ఆయన కుటుంబమే. ఇనాం ఎంత పాతదని చెబితే అంత భద్రం కదా.

తాళపత్రాల దగ్గరకు వద్దాం. లిపి ముందే కొంత సాధన చేయకుండా వెళితే లాభం లేదు. మాటల మధ్య ఖాళీ ఉండదు. ‘ఎ’కీ ‘ఏ’కీ, ‘ఒ’కీ ‘ఓ’కీ తేడా చాలా ప్రతుల్లో చూపించరు. ‘ధర్మ’ అన్న చోట ‘ధమ’ రాసి పక్కన తెలుగు తొమ్మిది (౯) అంకె లాంటి గీత పెడతారు. అదే వలపలగిలక. ఆ గీత ఏ అక్షరం పక్కన ఉంటే ఆ అక్షరానికి ముందు రకారం చేర్చి చదువుకోవాలి. పద్యమైతే గణాలు, యతి, ప్రాసలు చేయి పట్టుకుని నడిపిస్తాయి. రెండో అక్షరం మాసిపోయినా ప్రాస చూసి చెప్పేయొచ్చు. వచనానికి ఆ సాయం ఉండదు. అందుకే మొదటిసారి పద్యకావ్యం, అదీ అచ్చులో ఉన్నదే అడిగి, పుస్తకం పక్కన పెట్టుకుని చదవండి.

ఆకును తీసేటప్పుడు వేళ్లతో కొస పట్టి లాగొద్దు. తాడు వదులు చేసి, కింద అరచెయ్యి ఆనించి తిప్పాలి. తాడు రంధ్రం చుట్టే ఆకు ముందుగా చీలుతుంది. గంటపు గాట్లలో మసి పోయి అక్షరం కనిపించకపోతే ఉమ్మి రాయడం, నూనె పూయడం, సుద్ద రుద్దడం చేయనే కూడదు. వెలుతురు పక్కవాటంగా పడేలా ఆకును వంచి చూస్తే గాటు నీడ పడి అక్షరం తేలుతుంది. ఫోటో తీసుకోవాలంటే ముందు అనుమతి అడగండి. ఇస్తే ఫ్లాష్ ఆపి, తాళపత్ర ప్రతి సంఖ్యా ఆకు సంఖ్యా కనిపించేలా తీయండి. ఆకు సంఖ్య ఒకవైపే ఉంటుంది కాబట్టి రెండో వైపును ‘వెనక’ అని విడిగా రాసుకోకపోతే ఇంటికెళ్లాక వరుస కలవదు.

లోటుపాట్లు కూడా చెప్పాలి. ఇది పుస్తకం ఇంటికి తెచ్చుకునేందుకు వెళ్లే చోటు కాదు, కూర్చుని చదివే చోటు. తెలుగులో అలవాటు తప్పిన కాలేజీ పిల్లలను గుంపుగా తీసుకెళ్లి ఒక గంట తిప్పి తెస్తే వాళ్లకేమీ మిగలదు. నలుగురు చొప్పున పంపి, ఒక్కో జట్టుకు ఒక్కో ఊరి కైఫియత్తు ఇచ్చి, అందులోని తేదీలన్నీ ఇంగ్లిషు సంవత్సరాల్లోకి మార్చుకు రమ్మంటే ఆ వెళ్లడానికి అర్థం ఉంటుంది. విశ్వవిద్యాలయం సెలవులుంటాయి గనక దూరం నుంచి వచ్చేవాళ్లు ముందుగా ఫోను చేసి కనుక్కోవాలి. పరిశోధక విద్యార్థులైతే శాఖ నుంచి ఒక ఉత్తరం వెంట తెచ్చుకోవడం మంచిది.

ఇంకొక్కటి. పాత కరణాల ఇళ్లల్లో అటకల మీద కవిలెకట్టలు, తాళపత్రాలు ఇప్పటికీ ఉన్నాయి. శాస్త్రిగారు అడిగి సేకరించిన కాలంలో బయటికి రానివి అవి. ఇవ్వాలనుకుంటే శుభ్రం చేసి ఇద్దామని కడగొద్దు, తుడవొద్దు. చిరిగిన చోట సెల్లో టేపు అంటించొద్దు, ఆ జిగురు కొన్నేళ్లకు పసుపుపచ్చగా మారి అక్షరాన్ని లాగేస్తుంది. ప్లాస్టిక్ సంచిలో మూటగట్టొద్దు, లోపల చెమ్మ పట్టి బూజు పడుతుంది. ఉతికిన పాత నూలుగుడ్డలో చుట్టి, ఆకుల వరుస ఎలా ఉంటే అలాగే ఉంచి, ఏ ఊరిదో, ఏ ఇంటి నుంచి వచ్చిందో, ఎవరి చేతిరాతని ఇంట్లో చెప్పుకుంటారో విడి కాగితం మీద పెన్సిలుతో రాసి కట్టలో పెట్టండి. అప్పగించేటప్పుడు ఆకుల లెక్క చూపించి రసీదు తీసుకోండి.