ఆఫీసు మెయిల్, మీటింగులు క్లౌడ్‌కి మార్చుకున్నాం: మాకు ఎలా ఉందంటే

మాది విజయవాడలో మందుల డిస్ట్రిబ్యూషన్ కంపెనీ. హెడ్డాఫీసు సింగ్‌నగర్ వైపు, బ్రాంచీలు గుంటూరు, ఏలూరు, ఒంగోలులో. మొత్తం 110 మెయిల్ ఐడీలు. ఐటీ పని నా మీదే ఉంటుంది కాబట్టి ఈ మార్పు మొదటి నుంచి దగ్గరుండి చూశాను, మాలాంటి కంపెనీలకి పనికొస్తుందని రాస్తున్నా.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు నీళ్లు వచ్చాయి. మా సర్వర్ మొదటి అంతస్తులో ఉంది కాబట్టి తడవలేదు, కానీ కరెంటు లేదు, యూపీఎస్ మధ్యాహ్నానికే అయిపోయింది, కింద నడుముల్లోతు నీళ్లు, పడవ ఉంటే తప్ప ఆఫీసు దాకా వెళ్లే దారి లేదు. మళ్లీ సర్వర్ ఆన్ చేసింది తొమ్మిదో రోజున. మన సర్వర్ పలకకపోతే పంపినవాళ్ల సర్వర్లు మహా అయితే నాలుగైదు రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నించి, ఆ తర్వాత మెయిల్ వెనక్కి తిప్పేస్తాయి. అలా మాకు ఎన్ని ఆర్డర్లు పోయాయో ఇప్పటికీ లెక్క తేలలేదు. ఒంగోలులో ఆఫీసు మామూలుగానే నడుస్తున్నా అక్కడివాళ్లకీ మెయిల్ లేదు, ఎందుకంటే అందరి మెయిలూ ఈ ఒక్క పెట్టెలోనే.

ఆ సర్వర్‌లో ఉన్నవి మైక్రోసాఫ్ట్ వాళ్ల సాఫ్ట్‌వేర్లే: మెయిల్‌కి ఎక్స్ఛేంజ్ 2013, చాటింగ్‌కి, కాన్ఫరెన్స్‌కి లింక్ (Lync) 2013. రెండింటికీ మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2023 ఏప్రిల్ 11నే ఆగిపోయింది, మేము పట్టించుకోలేదు, అది మా తప్పే. ఎక్స్ఛేంజ్ 2016, 2019 వాడేవాళ్లకి కూడా 2025 అక్టోబర్ 14తో గడువు అయిపోయింది, చూసుకోండి.

2025 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ బేసిక్‌కి మారాం, అంటే మెయిల్ మా పెట్టెలో కాకుండా మైక్రోసాఫ్ట్ సర్వర్లలో ఉంటుంది. అప్పట్లో ఒక్కో మెయిల్‌బాక్స్‌కి 50 జీబీ, దాంతోపాటే చాటింగ్‌కి, వీడియో మీటింగులకి టీమ్స్. మార్చే పని ఊళ్లోనే ఉన్న ఒక ఐటీ వెండర్‌కి ఇచ్చాం. 150 మెయిల్‌బాక్సుల లోపు ఉంటే అన్నీ ఒకేసారి మార్చే పద్ధతి చాలు, అదే చేశారు. పాత సర్వర్ మీద మేము పని చేసుకుంటూ ఉండగానే వెనకాల కాపీ అవుతూ ఉంటుంది, రోజుకోసారి కొత్త మెయిల్స్ కూడా చేరతాయి. ఇంత వరకు చక్కగా జరిగింది, ఒక్క మెయిల్ కూడా పోలేదు.

గొడవంతా సోమవారం పొద్దున మొదలైంది. మెయిల్ ఏ సర్వర్‌కి రావాలో చెప్పే ఎమ్ఎక్స్ రికార్డును శనివారం రాత్రి మార్చాలని ముందే అనుకున్నాం, వెండర్ మార్చింది ఆదివారం రాత్రి. పాత రికార్డును బయటి సర్వర్లు గుర్తుంచుకునే గడువు (టీటీఎల్) 24 గంటలు. కనీసం ఒక రోజు ముందే దాన్ని ఐదు నిమిషాలకి తగ్గించి పెట్టాలి. అది వెండర్ మర్చిపోయాడు. దాంతో ఆ రోజంతా కొన్ని మెయిల్స్ పాత సర్వర్‌కి, కొన్ని కొత్తదానికి. మా పేరున మెయిల్ పంపే సర్వర్ ఏదో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డులో పాత సర్వర్ అడ్రసే ఉండిపోవడంతో మేము పంపిన బిల్లులు రెండు రోజులు కస్టమర్ల స్పామ్‌లో పడ్డాయి. పైగా ప్రతి కంప్యూటర్‌లోనూ మెయిల్ చూసే ఔట్‌లుక్‌లో ప్రొఫైల్ కొత్తగా పెట్టాలి, 110 మందికి వెండర్ పంపింది ఇద్దరు కుర్రాళ్లని. పాపం వాళ్లు మధ్యాహ్నం భోజనం కూడా చేయలేదు. గుంటూరు బ్రాంచి అకౌంటెంట్ గారు ఫోన్ చేసి "బాబూ, 2014 నుంచి దాచుకున్న మెయిల్స్ ఒక్కటీ కనపడట్లేదు" అంటే నాకు గుండె ఆగినంత పనైంది. అవి సర్వర్‌లో కాదు, ఆయన కంప్యూటర్‌లోనే పీఎస్‌టీ ఫైల్‌గా (ఔట్‌లుక్ మెయిల్స్ దాచిపెట్టే ఫైల్) ఉన్నాయి. పీఎస్‌టీలు ఎక్కించడం కొటేషన్‌లో లేదట, వేరే డబ్బులు అడిగారు. పని ఇచ్చే ముందు ఎవరి దగ్గర పీఎస్‌టీలు ఉన్నాయో లిస్టు రాసుకుని, కొటేషన్‌లో పెట్టించండి. లింక్‌లోని పాత చాట్‌లు కూడా టీమ్స్‌లోకి రాలేదు, కావాల్సినవి ముందే తీసి పెట్టుకోవాలి.

ఇక వాడకం. టీమ్స్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. రోజూ తొమ్మిదిన్నరకి స్టాక్ మీటింగ్, మూడు బ్రాంచీలూ వస్తాయి, వ్యాన్‌లో తిరిగే సేల్స్ కుర్రాళ్లు ఫోన్‌లోంచే కలుస్తారు. మొన్న తెనాలిలో ఒక షాపులో నిలబడి మా అబ్బాయి సిరప్ డబ్బా మీది బ్యాచ్ నంబర్ కెమెరాకి చూపించాడు, ఎక్స్‌పైరీ ఇంకో నెలే ఉంది, గోడౌన్‌లో అదే బ్యాచ్ లోడ్ అవుతుంటే అప్పటికప్పుడు ఆపేశాం. పాత పద్ధతిలో ఆ కబురు సాయంత్రానికి గానీ వచ్చేది కాదు.

కాకపోతే ఇప్పుడు నెట్ లేకపోతే ఆఫీసే లేదు. రోడ్డు తవ్వినప్పుడల్లా మా ఫైబర్ లైను తెగుతోంది, అందుకే వేరే కంపెనీది 5జీ రూటర్ కూడా పెట్టాం. లైను స్లో అయితే వీడియో ఆపేసి మాట మాత్రం ఉంచితే మీటింగ్ నడిచిపోతుంది. ఉద్యోగం మానేసినవాళ్ల సంగతి కూడా జాగ్రత్త: లైసెన్స్ తీసేస్తే 30 రోజుల తర్వాత ఆ మెయిల్‌బాక్స్ పోతుంది. దాన్ని ముందే షేర్డ్ మెయిల్‌బాక్స్‌గా (నలుగురూ కలిసి చూసుకునే పెట్టె) మార్చుకుంటే 50 జీబీ వరకు లైసెన్స్ లేకుండానే ఉంటుంది. ఈ ముక్క మాకు వెండర్ చెప్పలేదు, మా పర్చేజ్ మేనేజర్ మానేసిన 26వ రోజున నా కంట పడింది.

అన్నిటికంటే బాధ పెట్టింది వేరే. జూన్‌లో ఏదో సెట్టింగ్ మార్చబోతే తెలిసింది, అడ్మిన్ అకౌంట్ వెండర్ పేరున ఒక్కటే ఉంది, మా కంపెనీ డొమైన్ (మెయిల్ ఐడీలో @ తర్వాత వచ్చే పేరు) కూడా ఆయన మెయిల్ ఐడీ మీదే రిజిస్టర్ అయి ఉంది. అంటే మా ఇంటి తాళాలు ఆయన జేబులో ఉన్నాయి. మర్యాదగా అడిగితే మూడు వారాలు తిప్పించుకున్నారు. చివరికి మా ఎండీ గారు స్వయంగా వెళ్లి కూర్చుంటే గానీ మార్చలేదు. ఇప్పుడు అడ్మిన్‌లు ఇద్దరు, ఇద్దరూ మావాళ్లే, ఓటీపీ వాళ్ల ఫోన్లకే వస్తుంది.

సాఫ్ట్‌వేర్‌కి ఐదుకి నాలుగున్నర, మార్చిన సర్వీసుకి రెండు. ఫిబ్రవరి రెన్యువల్‌కి ఇంకో ఇద్దరిని కొటేషన్ అడిగాను, ఇద్దరినీ రేటు కంటే ముందు అడిగింది అడ్మిన్ ఎవరి పేరున పెడతారని.