ఎం మోడా, ఏవీ మోడా?

మా పిన్ని కొడుకు ఈమధ్య సెకండ్ హ్యాండ్‌లో ఒక డీఎస్ఎల్ఆర్ కెమెరా కొన్నాడు. రెండో రోజే ఫోన్: "అన్నా, మాన్యువల్‌లో తీస్తేనే ఫొటోగ్రఫీ వస్తుందంట కదా?" ఈ ఏడాది ఈ మాట అడిగినవాళ్లలో వాడు నాలుగోవాడో ఐదోవాడో. అపర్చర్ (లెన్స్ రంధ్రం ఎంత తెరవాలి), షట్టర్ (వెలుగు ఎంతసేపు లోపలికి రావాలి), ఐఎస్ఓ (ఆ వెలుగును కెమెరా ఎంత పెంచుకోవాలి) అందరికీ తెలుసు. తేలనిదల్లా డయల్ ఎక్కడ పెట్టి నేర్చుకోవాలన్నదే. "ఏ మోడ్‌లో పెట్టు" అంటే "అదే అడుగుతున్నా, ఏ మోడ్‌లో?" అన్నాడు. నైకాన్ వాళ్లు ఏ అని రాసినదాన్ని కెనాన్ డయల్ మీద ఉన్నట్టు ఏవీ అనడం మొదలుపెట్టాకే మా మాటలు ముందుకు సాగాయి. ఏవీలో అపర్చర్ మనం పెడతాం, దానికి తగ్గ షట్టర్ కెమెరా పెట్టుకుంటుంది.

ఎం మోడ్‌కి, అంటే అన్నీ మనమే పెట్టుకునే మాన్యువల్‌కి, మంచి గుణం లేకపోలేదు. అపర్చర్ ఎఫ్/4 నుంచి ఎఫ్/5.6కి వెళ్తే వెలుగు సగమవుతుందని, షట్టర్‌ను 1/250 సెకను నుంచి 1/125కి దించాలని చదవడం వేరు, చేత్తో తిప్పి చూసుకోవడం వేరు. కిటికీ పక్కన ఒక ఇత్తడి చెంబు పెట్టుకుని వారం రోజులు ఆ పని చేయండి. చాలు.

ఆ తర్వాత కొత్తవాళ్లు ఎంలో చేసేది ఏమిటి? వ్యూఫైండర్ కింద వెలుగు కొలిచే మీటరు సున్నా దగ్గరికి వచ్చేదాకా చక్రం తిప్పుతారు, రాగానే నొక్కుతారు. ఏవీలో కెమెరా చేసేదీ అదే, కాకపోతే క్షణంలో చేస్తుంది. రెండు ఫొటోల్లో వెలుగు ఒకేలా ఉంటుంది. మనం కెమెరాకి గుమాస్తాగిరీ చేశామంతే.

నా లెక్కలో అసలు చదువు ఆ సున్నా ఎప్పుడు తప్పో కనిపెట్టడంలో ఉంది. ఎదురుగా ఏముందో మీటరుకి తెలియదు. తెలుపైనా నలుపైనా నడిమి బూడిద రంగు కిందే లెక్కేస్తుంది. అందుకే తెల్ల పంచె, తెల్ల లాల్చీలో తాతగారు ఫ్రేము నిండా ఉంటే బట్టలు మాసినట్టు వస్తాయి. గేదె నిండా ఉంటే ఒంటికి బూడిద పూసినట్టు వస్తుంది. ఏవీలో దీనికి మందు ఫొటోలో వెలుగు పెంచే, తగ్గించే ప్లస్-మైనస్ బటన్: పంచెకు ప్లస్ 1, గేదెకు మైనస్ 1తో మొదలుపెట్టి చూసుకోవాలి. నొక్కకముందే "ఇక్కడ కెమెరా మోసపోతుంది" అని తట్టడం మొదలైందంటే కన్ను తయారవుతున్నట్టే. ఎంలోనూ ఇది నేర్చుకోవచ్చు, కానీ మూడు అంకెల టెన్షన్‌లో ఆ ఆలోచనకు చోటుండదు.

నాకది ఒక పెళ్లిలో తెలిసొచ్చింది. లోపల గదిలో పెళ్లికూతుర్ని ఎంలో తీస్తున్నాను: ఎఫ్/4, 1/125, ఐఎస్ఓ 1600. ఇంతలో మేనమామలు ఆమెను బుట్టలో ఎత్తుకుని ఎండ పడుతున్న వాకిట్లోకి వచ్చేశారు. నేనూ నొక్కుకుంటూ వెనకే పరిగెత్తాను. చూస్తే ఒక్కటీ మిగల్లేదు, అన్నీ తెల్లకాగితాలు. బుట్టను మళ్లీ మోయమని అడగలేం కదా.

ఏవీకీ ఒక జబ్బుంది. చీకటి గదిలో షట్టర్‌ను చెప్పాపెట్టకుండా 1/15కి దించేస్తుంది, మనుషులు అలుక్కుపోతారు. షట్టర్ అంకె మీద ఒక కన్నేసి, ఐఎస్ఓ పెంచుకోవాలి.

వెలుగు మన చేతిలో ఉన్నచోట, లేదా మీటరు మాట నమ్మలేని చోట ఎం మోడే రాజు. ఫ్లాష్ వాడినా, దీపావళి రాత్రి ట్రైపాడ్ మీద పెట్టి ఐఎస్ఓ 100, ఎఫ్/8లో కొన్ని సెకన్లు షట్టర్ తెరిచి తారాజువ్వలు తీసినా మరోదాని జోలికి పోను.

పరిగెత్తే పిల్లలకు, క్రికెట్‌కు టీవీ మోడ్ (నైకాన్‌లో ఎస్): షట్టర్ మనం పెడతాం, అపర్చర్ కెమెరా పెట్టుకుంటుంది. అపర్చర్, షట్టర్ రెండూ కెమెరాయే పెట్టుకునే పీ మోడ్, కెమెరా పక్కవాళ్ల చేతికిచ్చేటప్పుడు పనికొస్తుంది. ఆకుపచ్చ ఆటో ఫోన్‌లో ఉన్నదే.

మావాడిని ఏవీలో పెట్టి ప్లస్-మైనస్ తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దన్నాను. పది రోజులకు గేదె ఫొటో పంపాడు. మైనస్ 1 చాలలేదట, మైనస్ 1.3 పెట్టాడట.