వెస్ట్‌వ్లెటెరెన్ 12 రివ్యూ: బీరు సంగతి తర్వాత, ముందు అమ్మే పద్ధతి గురించి మాట్లాడాలి

2025 దసరా సరిగ్గా గాంధీ జయంతి రోజే పడింది, గుర్తుందా? వరంగల్ నుంచి మా తమ్ముడు వీడియో కాల్ చేసి ఒకటే మొత్తుకోలు. వైన్స్ బంద్, ముందు రోజు తెచ్చి పెట్టుకోవడం మర్చిపోయాడు, ఊళ్ళో బెల్ట్ షాపుకి పోతే ఎమ్మార్పీ మీద ఎనభై రూపాయలు ఎక్కువ గుంజాడట. "గదే బీరన్నా, నిన్న మన సందు వైన్స్‌ల కేసులకు కేసులు కొన్నడు, నేను సూసిన. ఇయ్యాల మనకే అమ్ముతుండు" అని తిడుతున్నాడు. నేనేమో ఇక్కడ నెదర్లాండ్స్‌లో, ఐండ్‌హోవెన్‌లో వంటింట్లో నిలబడి ఓ చిన్న సీసా మూత తీస్తున్నా. 33 సెంటీలీటర్లు, పసుప్పచ్చ మూత, మెడ చుట్టూ గాజులోనే ఉబ్బెత్తు అక్షరాలు. 2019లో రెండు యూరోల లోపు పెట్టి కొన్నది. సరిగ్గా అలాంటి సీసానే బ్రస్సెల్స్‌లో టూరిస్టులు తిరిగే ఓ సందులో, ఒక షాపు అద్దం వెనకాల పదిహేను యూరోల చీటీతో చూశా. మావాడు తిడుతున్న బెల్ట్ షాపుకీ దానికీ తేడా ఏముంది, ఏసీ తప్ప.

అందుకే ఈ రివ్యూలో బీరు రుచి కంటే అది చేతికొచ్చిన పద్ధతి గురించే ఎక్కువ రాస్తా, ఓపిక లేనివాళ్ళు కిందకి వెళ్ళిపోండి, రుచి అక్కడుంది.

తెలియనివాళ్ళకి: వెస్ట్‌వ్లెటెరెన్ అనేది బెల్జియంలో ఫ్రాన్స్ సరిహద్దు పక్కన చిన్న ఊరు, చుట్టూ పొలాలు, పక్కనే పోపెరింగె అని హాప్స్, అంటే బీరుకి చేదునిచ్చే పువ్వులు పండించే ప్రాంతం. అక్కడ సెయింట్ సిక్స్‌టస్ మఠం ఉంది, ట్రాపిస్ట్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులది, 1830ల చివర్నుంచీ బీరు చేస్తున్నారు. మూడు రకాలే. ఆకుపచ్చ మూత బ్లాండ్ 5.8 శాతం, నీలం మూత 8 అంటే ఆల్కహాల్ 7.9, పసుపు మూత 12 అంటే 10.2. 2005లో రేట్‌బీర్ అనే సైటు ఈ 12ని ప్రపంచంలోనే నంబర్ వన్ బీరు అనేసింది. ఇంకేముంది, మఠం ముందు రోడ్డు పొడవునా కార్లు. వేరే ఎవరైనా అయితే మరుసటి ఏడాదే ఇంకో ఫ్యాక్టరీ కట్టేవాళ్ళు. వీళ్ళు మాత్రం మా ఖర్చులకి ఎంత కావాలో అంతే చేస్తాం, బీరు అమ్మడం కోసం సన్యాసం పుచ్చుకోలేదు అన్న లైనులో ఉండిపోయారు. రేటూ పెద్దగా పెంచలేదు, సరుకూ పెద్దగా పెంచలేదు.

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. రేటు తక్కువ, సరుకు తక్కువ, కావాల్సినవాళ్ళు ఎక్కువ అయితే మధ్యలో మిగిలే డబ్బు ఎవరో ఒకరు తినాల్సిందే కదా. మఠం తినను అంది కాబట్టి బ్లాకువాడు తింటాడు. 2018లో ఒక డచ్ సూపర్‌మార్కెట్‌వాళ్ళు ఎక్కడెక్కడివో పోగుచేసి ఏడు వేల పైచిలుకు సీసాలు, ఒక్కోటి పది యూరోలకి ఐదు సెంట్లు తక్కువ పెట్టి అమ్మేశారు. సన్యాసులు ఇది మా పద్ధతికి విరుద్ధం అని పబ్లిగ్గానే బాధపడ్డారు. అప్పట్లో మఠంలో ఫోన్ బుకింగ్ ఉండేది, అరవై రోజులకోసారి ఒక ఫోన్ నంబరుకి, ఒక కారు నంబరుకి మాత్రమే. కానీ ఆ లైను కలవడమే గగనం అని బెల్జియంలో చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు, రోజంతా రీడయల్ కొట్టే ఓపిక ఎవరికుంటుంది, అమ్ముకుని బతికేవాడికే ఉంటుంది. నేనైతే ఫోను జోలికే పోలేదు.

2019 జూన్‌లో వాళ్ళు వెబ్‌సైట్ పెట్టారు, నేను దూరింది అప్పుడే. అప్పట్లో రిజిస్టర్ అవ్వాల్సొచ్చేది, కారు నంబరు ఇవ్వాల్సొచ్చేది, అమ్మకం ఎప్పుడు తెరుస్తారో ముందే చెప్తారు. ఇంతవరకూ అన్నిచోట్లా ఉండేదే. నన్ను పడేసిన సంగతి వేరే ఉంది: ఆ టైములో లోపలికి వచ్చినవాళ్ళలో ఎవరు కొని ఎక్కువ కాలమైందో, ఎవరు అసలు ఎప్పుడూ కొనలేదో వాళ్ళకి ముందు ఇస్తారు. ఆహా అనిపించింది నాకు. పొద్దున పదింటికి తత్కాల్ కొట్టే అలవాటున్న ప్రాణం కదా, వేలు ఎంత స్పీడుగా కదిలితే అంత అదృష్టం అని జీవితమంతా నేర్చుకున్నా. ఇక్కడ నా వేలితో పని లేదు, కొత్తవాడిని కావడమే నా అర్హత. పోయినసారి ఎత్తుకెళ్ళినవాడు వెనక్కి పోవాలి. మన పెళ్ళి భోజనాల్లో రెండో బంతి ఉంటుందే, మొదటి బంతిలో తిన్నవాడు మళ్ళీ ఆకు వేసుకుని కూర్చుంటే వడ్డించే పెద్దమనిషి చూసే చూపు ఒకటుంటుంది, ఆ చూపుని తీసుకెళ్ళి సాఫ్ట్‌వేర్‌లో పెట్టారు అనుకోండి.

నాకు అప్పట్లో కారు లేదు. కొలీగ్ ఒకడున్నాడు, గుంటూరు వాడు, వాడి కారు నంబరు ఇచ్చేశా, ఇక వాడు రాకపోతే నా బుకింగ్ గోవిందా. ఆ శనివారం వాడిని బతిమాలి, దారిలో కాఫీలు టిఫిన్లు అన్నీ నావే అని ఒప్పించి, రెండున్నర గంటల పైనే డ్రైవ్ చేయించి తీసుకెళ్ళా. గేటు దగ్గర కారు నంబరు సరిచూసుకున్నారు, రెండు చెక్క క్రేట్లు, ఒక్కోదాంట్లో 24 సీసాలు, సీసాలకీ క్రేటుకీ డిపాజిట్ వేరే. రసీదు మీద డచ్‌లో "నీట్ వెర్డర్ వెర్కోపెన్" అని ఉంది, అంటే తిరిగి అమ్మొద్దు అని. అంతే, ఫైను గియిను ఏం లేదు, ఒక్క మాట.

మా గుంటూరు వాడు డిక్కీ మూస్తూ మూస్తూనే లెక్క వేసేశాడు. "బావా, నలభై ఎనిమిది సీసాలు, పదికి అమ్మితే సీసాకి ఎనిమిది మిగిలినా మూడొందల ఎనభై నాలుగు యూరోలు, పెట్రోలు పోనూ..." అన్నాడు. నేను రసీదు చూపించా. "సన్యాసులు మన ఇంటికొచ్చి చూస్తారా ఏంటి" అని నవ్వాడు కానీ అమ్మలేదు లెండి, చెరో క్రేటు పంచుకున్నాం, వాడిది సంక్రాంతి దాకా కూడా ఆగలేదు. కానీ వాడన్న మాట మాత్రం నిజమే. మొదటిసారి కొనేవాడికి మొదటి వరుస అన్నప్పుడు పది మంది చుట్టాల పేర్లతో, పది కార్ల నంబర్లతో వచ్చేవాడిని ఏం చేస్తారు? వాడికి కష్టం పెరుగుతుంది, అంతవరకే. ఏ పద్ధతిలోనైనా బ్లాకు పూర్తిగా ఆగదు, దానికి పట్టే శ్రమ ఎంత పెంచారు అన్నదే చూడాలి.

మిగతా చోట్ల ఏం చేస్తున్నారో కూడా చూశా కాబట్టి చెప్తున్నా. అమెరికాలో మా అక్కావాళ్ళ ఊరి దగ్గర ఒక బ్రూవరీ, పేరెందుకు, కొత్త బీరు డబ్బాలు వదిలే రోజు పొద్దున ఆరింటికే లైను. మనిషికి ఇన్నే అని లిమిట్ పెట్టారు, మంచిదే. నా ముందు నలుగురు కుర్రాళ్ళు, చదువుకునే పిల్లల్లాగున్నారు, ఎవరికీ బీరు గోల పట్టలేదు, ఫోన్లలో మునిగిపోయారు. లైను కదిలే టైముకి ఒకాయన వచ్చి నలుగురికీ డబ్బులు చేతిలో పెట్టాడు, వాళ్ళు కొని తెచ్చింది కొన్నట్టే ఆయన వ్యానులోకి. కూలీకి నిలబడ్డారన్నమాట. క్యూ అంటే సమానత్వం అనుకుంటాం గానీ క్యూలో టైము ఖర్చవుతుంది, టైముని కూలికి కొనొచ్చు. మా బావగారు రెండు గంటలు నిలబడి నాలుగు డబ్బాలు తెచ్చి, దాన్ని ఫ్రిజ్‌లో పూజ గదిలో పెట్టినట్టు పెట్టారు, తాగనివ్వలేదు.

కాలిఫోర్నియాలో రష్యన్ రివర్ అనే బ్రూవరీ వాళ్ళ ప్లినీ ది యంగర్ అనే బీరు సంగతి కాస్త నయం. 2005 నుంచీ ఏడాదికోసారి కొద్దిరోజులే ఇస్తారు, చాలా ఏళ్ళు సీసాల్లో పెట్టనే లేదు, గ్లాసులో పోసిస్తారు, అక్కడే కూర్చుని తాగాలి. గంటల తరబడి లైను ఉంటుంది నిజమే గానీ కడుపులోకి పోయిన బీరుని ఎవడు తిరిగి అమ్ముతాడు! 2020 నుంచి తమ పబ్బుల్లో సీసాలు కూడా ఇస్తున్నారు. బ్రస్సెల్స్‌లో కాంటియోన్ అనే బ్రూవరీ వాళ్ళు కూడా కొన్ని సీసాలు ఇంటికివ్వరు, అక్కడే మూత తీసి తాగాలంటారు. నాకు తెలిసి బ్లాకుకి ఇంతకన్నా గట్టి మందు లేదు. ఇబ్బందల్లా ఆ ఊరికి వెళ్ళగలిగినవాడికే ఆ బీరు. వెస్ట్‌వ్లెటెరెన్‌లో కూడా మఠానికి ఎదురుగా ఇన్ డె వ్రెడె అని వాళ్ళ కెఫే ఉంది, బుకింగ్ గొడవ లేకుండా వెళ్ళి గ్లాసులో 12 తాగొచ్చు, పక్కన మఠం చీజు ముక్క. ఒక్కసారి రుచి చూస్తే చాలు అనుకునేవాళ్ళు ఆ పని చేయండి, నా మాట విని క్రేట్ల వెంట పడొద్దు.

ఇంకో దారి లాటరీ. మన తిరుమల ఆర్జిత సేవలకి లక్కీ డిప్ ఉన్నట్టు. తిట్టకండి, నేను పోల్చేది బీరుని కాదు, క్యూని. 2024లో టీటీడీ దర్శనం టోకెన్ లేనివాళ్ళకి ఆధార్ చూపిస్తే రెండు లడ్డూలే అని పెట్టింది చూశారా, దళారులు లడ్డూలు మూటలు కట్టి అమ్ముకుంటున్నారనే కదా. సరిగ్గా ఇదే రోగం: కావాలనే రేటు తక్కువ పెట్టిన పవిత్రమైన సరుకు, దాని చుట్టూ దళారి. లాటరీలో టైము ఖర్చు లేదు, స్పీడు అక్కర్లేదు, అది బాగుంది. కానీ ఒట్టి లాటరీకి జ్ఞాపకం ఉండదు, పోయినసారి తగిలినవాడికే మళ్ళీ తగలొచ్చు, ఐదేళ్ళుగా వేస్తున్నవాడికి తగలకనే పోవచ్చు. మఠంవాళ్ళ సైటుకి జ్ఞాపకం ఉంది. నా దృష్టిలో వాళ్ళు గెలిచింది అక్కడే.

అలాగని వాళ్ళని మరీ ఆకాశానికెత్తక్కర్లేదు. మఠం కట్టడాల మరమ్మతులకి డబ్బు కావాల్సొచ్చినప్పుడు 2011లో బెల్జియంలోనే ఒక సూపర్‌మార్కెట్ ద్వారా ఆరు సీసాలు రెండు గ్లాసుల ప్యాకెట్ పాతిక యూరోలకి అమ్మారు, 2012 డిసెంబరులో అమెరికాలో అలాంటి ప్యాకెట్టే దాదాపు 85 డాలర్లు. అంటే మార్కెట్ రేటు వాళ్ళకి తెలియక కాదు. అవసరానికి ఒకసారి తీసుకున్నారు, తర్వాత మళ్ళీ పాత రేటు. నాకు ఇందులో తప్పేం కనపడలేదు, పైగా అలాంటిది అప్పుడప్పుడూ చేస్తే బ్లాకువాడి నోట్లో మన్ను పడుతుంది కదా అనిపించింది, మా కొలీగ్ మాత్రం ఇప్పటికీ దీన్ని పట్టుకుని నాతో వాదిస్తాడు. నా అసలు కంప్లయింట్ కారు గురించి. కారు నంబరు అడిగే పద్ధతి నేను కొన్నప్పుడు కారు లేనివాడిని మొదట్లోనే పక్కకి తోసేసేది, సైకిల్ మీద తిరిగే స్టూడెంటుకి ఇదేం న్యాయం, నాకు గుంటూరు వాడు దొరికాడు కాబట్టి సరిపోయింది.

సరే, రుచి. కొత్తలో తాగినప్పుడు ఖర్జూరం, అంజీర్, బెల్లం పాకం ముదిరినప్పటి వాసన, వెనకాలే ఆల్కహాల్ ఘాటు గొంతులో తగిలేది. మొన్న దసరాకి తీసింది చివరి సీసా, మెట్ల కింద అట్టపెట్టెలో ఆరేళ్ళు పడుంది, మూత మీద తేదీ ఎప్పుడో దాటిపోయింది. మూత తీస్తే చిన్నగా ఇస్స్ అంది, భయపడ్డా గానీ నురగ లేచింది, పల్చగా, గోధుమ రంగులో. అడుగున ఈస్టు మడ్డి ఉంటుంది, సీసా మొత్తం ఒంపకుండా వేలెడు వదిలేయాలి. ఘాటు పోయి పాత చింతకాయ పచ్చడిలా మెత్తబడింది, ఎండు ద్రాక్ష వాసన పెరిగింది, చివర్లో కాస్త పాత పుస్తకం లాంటి వాసన, సోయా సాసు ఛాయ కూడా. ఇంకో రెండేళ్ళు ఉంచి ఉంటే పాడయ్యేది. నా మటుకు రెండు మూడేళ్ళ వయసులో తాగిందే బెస్ట్. ఇంకోటి, దీన్ని మటన్ కూరతో పెట్టుకోకండి, మా ఆవిడ వేసే కారానికి ఈ బీరు నోరు మూసుకుని కూర్చుంటుంది. ముందు బీరు, అరగంట ఆగి మటన్.

ఆ చివరి సీసాకి మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఇరవై యూరోలు ఇస్తా అన్నాడు, ఎవరికో గిఫ్టు అట. రసీదు ఎప్పుడో పోయింది, చూసేవాళ్ళూ లేరు, ఒక పూట ఆలోచించా కూడా. చివరికి ఆయనకి సెయింట్ బెర్నార్డస్ ఆప్ట్ 12 కొనుక్కోమని చెప్పా. ఇది అందరూ వినాల్సిన సంగతి: పక్కనే వాటౌ అనే ఊళ్ళో ఉన్న ఆ బ్రూవరీ 1946 నుంచి 1992 దాకా ఈ మఠం లైసెన్సుతోనే బీరు చేసింది. ఆ వంశం బీరే, 10 శాతం, మామూలు షాపుల్లో మామూలు రేటుకి దొరుకుతుంది. కళ్ళకి గంతలు కట్టి రెండూ ఇస్తే నేను పోల్చగలనని గట్టిగా చెప్పలేను, పదిహేను యూరోలు పెట్టేవాళ్ళలో ఎంతమంది పోల్చగలరో.

బీరుకి నాలుగున్నర, అమ్మే పద్ధతికి నాలుగు, కారు దగ్గర ఒకటి కోశా. మళ్ళీ ఓసారి వెళ్ళి ఖాళీ సీసాలూ క్రేటూ ఇచ్చేసి డిపాజిట్ తెచ్చుకుందామంటే, ఆ చెక్క క్రేటులో మా ఆవిడ ఉల్లిగడ్డలు పోసేసింది, అడిగితే "గాలి మంచిగ ఆడుతుంది, ఇయ్య" అంటోంది.