పాపసంకీర్తనం: మన కతోలిక గుడుల్లో ఈ సేవ ఎక్కడ బాగుంది, ఎక్కడ కుంటుపడుతోంది

పాపసంకీర్తనం అంటే చేసిన పాపాలను గురువు (ఫాదర్) దగ్గర ఒప్పుకుని దేవుడి క్షమాపణ పొందడం. దీనికి రుసుము లేదు, ముందుగా పేరు రాయించుకోవడం లేదు, ఎవరన్నదీ చెప్పనక్కర్లేదు. ఇంత సులువుగా దొరికే ఈ సేవను ఏడాదికి ఒక్కసారి, అదీ ఈస్టరు ముందు హడావిడిగా ముగించేవాళ్లే మన దగ్గర ఎక్కువ. ఏడాదికి ఒకసారి అనేది 1215లో నాలుగో లాటరన్ మహాసభ (రోములో జరిగిన బిషప్పుల సభ) పెట్టిన కనీస హద్దు. దాన్నే సరిపడా మోతాదు అనుకోవడంతో వస్తోంది చిక్కు.

మామూలు విచారణ గుడిలో (ఒక ప్రాంతపు కతోలికులందరి గుడి) శనివారం సాయంత్రమో, ఆదివారం పూజకు ముందో ఫాదర్ గారు కూర్చుంటారు. మూడు రకాల ఏర్పాట్లలో ఇదే మేలైనది, కానీ ఆదివారం పూజకు పది నిమిషాల ముందు మాత్రం వెళ్లకండి. ఒకపక్క గంట కొట్టే వేళవుతుంటుంది, వెనుక వరుస ఉంటుంది, ఫాదర్ ఇంకా పూజావస్త్రాలు వేసుకోవాలి. ఆ ఒత్తిడిలో మీరు సగం మింగేస్తారు, ఆయన సగమే వింటారు. మామూలు రోజున పూజ అయ్యాక "ఫాదర్, పాపసంకీర్తనం చేయాలండీ" అని అడిగితే చాలు. సబబుగా అడిగిన విశ్వాసుల సంకీర్తనం వినే ఏర్పాటు చేయడం విచారణ గురువు బాధ్యతేనని శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 986వ నిబంధన చెబుతోంది. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇక్కడ పెద్ద లోటు చోటు. 964వ నిబంధన ప్రకారం కోరుకున్నవాళ్లకు జల్లెడ తెర ఉన్న పాపసంకీర్తనపు గది అందుబాటులో ఉండాలి. పల్లెల్లో చాలాచోట్ల పీఠం పక్కన రెండు కుర్చీలే. ముందు బల్లల్లో కూర్చున్నవాళ్లకు మాట వినబడుతుంది. ముఖాముఖి మాట్లాడలేని ఆడవాళ్లు అసలు విషయం వదిలేసి చిన్న చిన్నవి చెప్పి లేచి వచ్చేస్తారు. ఒక చెక్క చట్రం, దానికో తెర, మోకరించడానికో చెక్క ఉంటే తీరిపోయే లోటు ఇది. సంఘపెద్దలు ఈ పని వెంటనే చేయించాలి.

తపస్సుకాలంలో (ఈస్టరుకు ముందు నలభై రోజులు) పెట్టే సామూహిక పశ్చాత్తాప ప్రార్థన రెండో దారి. వాక్యపఠనం, పది ఆజ్ఞల మీద అందరూ కలిసి ఆత్మపరిశోధన, ఆ తర్వాత చుట్టుపక్కల విచారణల నుంచి వచ్చిన నలుగురైదుగురు గురువుల దగ్గర విడివిడిగా సంకీర్తనం. సొంత ఊరి ఫాదర్‌కు చెప్పలేనిది బయటి గురువుకు చెప్పుకోవచ్చు, అదే దీని బలం. మనిషికి రెండు నిమిషాలకు మించి దొరకదు, అది బలహీనత. అందరితో కలిసి ప్రార్థన చెప్పేశాం, ఇక చాలు అనుకుని మధ్యలోనే ఇంటికి వెళ్లేవాళ్లుంటారు. అది పొరపాటు. విడిగా చెప్పుకోకుండా అందరికీ ఒకేసారి పాపవిమోచనం (గురువు పలికే క్షమాపణ) ఇవ్వడం ప్రాణాపాయం వంటి తీవ్ర అవసరాలకే. అలా పొందినవాళ్లు కూడా పెద్ద పాపాలను తర్వాత విడిగా చెప్పాల్సిందే.

మూడోది పుణ్యక్షేత్రాల్లో. ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు గుణదల మాత ఉత్సవాలకు వచ్చే జనంలో ఏళ్ల తరబడి గుడి గడప తొక్కనివాళ్లు కూడా ఉంటారు. కొండ ఎక్కి దిగాక గుండె మెత్తబడి వరుసలో నిలబడతారు. తిరిగి రావడానికి అంతకన్నా మంచి సమయం లేదు. కానీ మైకుల హోరులో జీవితమంతా విప్పి చెప్పడం కుదరదు. అక్కడ ముఖ్యమైనవన్నీ క్లుప్తంగా చెప్పి విమోచనం పొందండి, వివరంగా సలహా కావాలంటే ఊరికి వెళ్లాక తీరిగ్గా గురువును కలవండి. తలనీలాలు, కొబ్బరికాయలు, కొవ్వొత్తులు భక్తికి గుర్తులు. అవి పాపసంకీర్తనం బదులు చెల్లవు.

ఎక్కడ చేసినా ఫలితం సిద్ధపాటు మీదే ఉంటుంది. పావుగంట ఒంటరిగా కూర్చుని పది ఆజ్ఞల వరుసలో చూసుకోండి. చావైన పాపానికి, అంటే దేవుడితో బంధాన్ని తెంచే పెద్ద పాపానికి, మూడు ఉండాలి: విషయం పెద్దదై ఉండాలి, అది తప్పని తెలిసి ఉండాలి, ఇష్టపూర్వకంగా చేసి ఉండాలి. అలాంటివాటిని రకంతోపాటు ఎన్నిసార్లో కూడా చెప్పాలి. "చాలా పాపాలు చేశాను ఫాదర్" అంటే ఏమీ చెప్పనట్టే. "ఆస్తి పంపకంలో తమ్ముడికి రావాల్సిన అర ఎకరం కాగితం దాచిపెట్టాను" అంటే చెప్పినట్టు. అత్త ఏమంది, ఆడపడుచు ఏం చేసింది అన్న కథ వద్దు, మీ వంతు చాలు. మరిచిపోయిన పాపం మిగతావాటితోపాటే క్షమాపణ పొందుతుంది, గుర్తొచ్చినప్పుడు తర్వాతి సంకీర్తనంలో చెప్పండి. తెలిసి ఒక పెద్ద పాపాన్ని దాస్తే మాత్రం ఆ సంకీర్తనం మొత్తం చెల్లదు.

దాచడానికి భయమే కారణం. ఊళ్లో తెలిసిపోతుందన్న ఆ భయానికి ఇక్కడున్నంత గట్టి రక్షణ మరెక్కడా లేదు. ప్రాణం మీదికి వచ్చినా గురువు విన్నది బయటపెట్టకూడదు, విన్నదాన్ని బట్టి మీతో వేరుగా మసలుకోకూడదు. కావాలని నేరుగా బయటపెట్టిన గురువు ఆ క్షణమే వెలి అవుతాడు, ఆ శిక్షను తొలగించే అధికారం రోముకే ఉంది.

ఈ సేవలో మన దగ్గర అన్నిటికన్నా నష్టపోతున్నది చివరి ఘట్టం. మీరు ఉత్తమ మనస్తాప జపం (పాపాలకు పశ్చాత్తాపపడుతూ చెప్పే జపం) చెబుతుండగానే ఫాదర్ పాపవిమోచన వాక్యం మొదలుపెట్టేస్తారు. రెండు గొంతులు కలిసిపోతాయి. "పిత పుత్ర పవిత్రాత్మ నామమున" క్షమాపణ పలికిన ఆ మాటలు, ఇంత దూరం వచ్చింది వేటి కోసమో అవే, మీ చెవిన పడవు. జపం ముగిశాక ఆగండి. వినబడకపోతే "ఫాదర్, కాస్త వినబడేలా చెప్తారా" అని అడగండి. గురువులూ ఆ ఒక్క వాక్యాన్ని నిదానంగా, విడిగా పలకాలి.

వినకపోవడం వల్లే కొందరు ఎప్పుడో క్షమించబడిన పాపాన్ని ఏటేటా మళ్లీ తెస్తారు. ముఖ్యంగా గర్భస్రావం చేయించుకున్న తల్లులు. బాధ ఇంకా ఉంది కాబట్టి క్షమాపణ రాలేదనుకుంటారు. కానీ విమోచనం మన మనసు తేలికపడటం మీద ఆధారపడదు. నిజమైన పశ్చాత్తాపంతో చెప్పి, గురువు విమోచనం పలికితే ఆ పాపం పోయింది, దుఃఖం మానడానికి మాత్రం సమయం పడుతుంది. గర్భస్రావపు పాపాన్ని క్షమించే అధికారాన్ని 2016లో పోపు ఫ్రాన్సిస్ గురువులందరికీ శాశ్వతంగా ఇచ్చారు. బిషప్ గారి దగ్గరికి వెళ్లాలేమో అన్న జంకు ఇక వద్దు. అదే పాపం పదేపదే కలవరపెడుతుంటే గుడి గుడీ తిరగకుండా ఒకే గురువును పట్టుకోండి. ఆయన "ఇక దాన్ని చెప్పొద్దు" అంటే ఆ మాట పాటించండి. క్షమాపణను స్వీకరించడం కూడా విశ్వాసమే.

ప్రాయశ్చిత్తం, అంటే సంకీర్తనం తర్వాత చేయమని గురువు చెప్పే జపం లేదా పని, విషయంలో మన గురువులు ఇంకాస్త ఆలోచించాలి. ఎవరికైనా అవే మూడు పరలోక జపాలు, మూడు మంగళవార్త జపాలు. ఇచ్చింది చేయలేననిపిస్తే అక్కడే చెప్పి మార్పించుకోండి, జపాలైతే గుడి దాటకముందే ముగించండి. ఇది ముగిసినా పరిహారం మిగిలే ఉంటుంది. దాచిన కాగితం తమ్ముడి చేతిలో పెట్టాలి, కొట్టేసిన డబ్బు తిరిగివ్వాలి. ఎదురుపడి ఇవ్వలేకపోతే ఎలా చేరవేయాలో గురువునే అడగండి. హక్కుదారు చనిపోతే వారసులకు, ఎవరో తెలియకపోతే పేదలకు.

మంచాన పడ్డవాళ్ల కోసం ఫాదర్ ఇంటికే వస్తారు. పరిస్థితి విషమించేదాకా ఆగకుండా మాట స్పష్టంగా ఉన్నప్పుడే కబురు చేయండి. ఆయన రాగానే ఇంట్లోవాళ్లు గది బయటికి వెళ్లి తలుపు వేయాలి. మాట రానివాళ్లు కాగితం మీద రాసి ఇవ్వవచ్చు, పని కాగానే దాన్ని చింపేయాలి.