చదివి వినిపించే సాధనాలు: డిస్‌లెక్సియా ఉన్న ఉద్యోగినిగా నా అనుభవం

డిస్‌లెక్సియా, అంటే చదవడంలో ఉండే ఇబ్బంది, ఉన్నవాళ్లకు ఏ యాప్ కొనమంటారని తెలిసినవాళ్లు అడుగుతుంటారు. ఏదీ కొనక్కర్లేదన్నదే నా జవాబు. కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ అనే బ్రౌజర్‌లో పేజీని చదివి వినిపించే రీడ్ అలౌడ్, అందులోనే పేజీని చదవడానికి వీలుగా మార్చి చూపించే ఇమ్మర్సివ్ రీడర్, ఫోన్‌లో ఫొటోలోని అక్షరాలను గుర్తుపట్టే గూగుల్ లెన్స్, మాట్లాడితే టైపు చేసే జీబోర్డ్ వాయిస్ టైపింగ్ చాలు. అన్నీ ఉచితమే. ఖైరతాబాద్‌లో బీమా క్లెయిములు చూసే ఆఫీసులో నా ఉద్యోగం ఏళ్ల తరబడి వీటి మీదే నడుస్తోంది.

డిస్‌లెక్సియా అంటే అక్షరాలు తిరగబడి కనిపించడం అనుకుంటారు చాలామంది. ఇబ్బంది కంట్లో లేదు. మాటను శబ్దాలుగా విడదీసుకుని, ఏ శబ్దానికి ఏ అక్షరమో జతపరిచే పని మెదడులో మిగతావాళ్లకు జరిగినంత సులువుగా జరగదు. తెలివితేటలకూ దీనికీ సంబంధం లేదు. కుటుంబాల్లో కూడా వస్తుంది. మా అక్క కూతురికి పరీక్షలు చేయించినప్పుడే నాకున్నదేమిటో నాకు అర్థమైంది. ఆ రిపోర్టులో పాప గురించి రాసినవన్నీ నా చిన్నప్పటి సంగతులే.

తెలుగులో ఈ కష్టం తీరు వేరుగా ఉంటుంది. మనది రాసినట్టే పలికే భాష కాబట్టి ఇంగ్లీషుతో పోలిస్తే తప్పులు తక్కువ చదువుతాం. కానీ వేగం రాదు. ప, ఫ, ష, వ ఒకదానిలాగే ఒకటుంటాయి. ద, ధ, థ కూడా అంతే. గుణింతం పైన, ఒత్తు కింద ఉండటంతో కన్ను ఒక్కో అక్షరం దగ్గరా పైకీ కిందికీ తిరగాలి. ‘రాష్ట్రం’ లాంటి మాట వచ్చిందంటే పాప ఇప్పటికీ ఓ క్షణం ఆగుతుంది.

నాకు అన్నిటికన్నా ప్రమాదం వాక్యం చివర ఉంటుంది. మా క్లెయిమ్ లేఖల్లో ‘చెల్లించబడును’, ‘చెల్లించబడదు’ అనే మాటలు రోజూ వస్తాయి. పొడవాటి మాటను మొదట్లోనే గుర్తుపట్టి కన్ను ముందుకెళ్లిపోతుంది. చివరి అక్షరంలో మాత్రం ఒక కుటుంబానికి డబ్బు వస్తుందా రాదా అన్నది ఉంటుంది. రీడ్ అలౌడ్ ఆన్ చేస్తే గొంతు చదువుతున్న మాట స్క్రీన్ మీద వెలుగుతుంది. కన్ను దాటేసినదాన్ని చెవి పట్టుకుంటుంది. వట్టిగా వినడం కంటే, వింటూ అదే మాటను చూడటంలోనే నాకు అసలు లాభం కనిపించింది.

రీడ్ అలౌడ్‌లో తెలుగుకు శ్రుతి, మోహన్ అని రెండు గొంతులున్నాయి. నేను శ్రుతి గొంతు పెట్టుకుంటాను. మామూలు ఉత్తరాలకు వేగం కాస్త పెంచుతాను, నిబంధనలు చదివేటప్పుడు తగ్గిస్తాను. ఇమ్మర్సివ్ రీడర్‌లో ఒకటో మూడో లైన్లు మాత్రమే కనిపించి మిగతా పేజీ మసకబారే ఏర్పాటు ఉంది. వరస తప్పి కింది లైనులోకి జారిపోయేవాళ్లు ముందు దాన్నే వాడి చూడాలి. డిస్‌లెక్సియా కోసమంటూ ఓపెన్‌డిస్‌లెక్సిక్ అనే ఫాంట్ 2011లో వచ్చింది. నచ్చితే వాడుకోవచ్చు గానీ, దానివల్ల చదువు మెరుగవుతుందని పరిశోధనల్లో నిలకడగా తేలలేదు. పైగా అందులో తెలుగు అక్షరాలు లేవు. దానికంటే అక్షరాల మధ్య ఎడం పెంచడం మేలు. 2012లో ఇటలీ, ఫ్రాన్స్ పిల్లల మీద చేసిన అధ్యయనంలో ఎడం పెంచితే వాళ్లు త్వరగా, తక్కువ తప్పులతో చదివారు.

ఇక లోటుపాట్లు. ఏ కంపెనీ సాధనమైనా స్కాన్ చేసిన పీడీఎఫ్ దగ్గర తడబడుతుంది, ఎందుకంటే అది అక్షరాలు కాదు, బొమ్మ. యూనికోడ్ (ఏ కంప్యూటరైనా తెలుగును తెలుగుగానే గుర్తించే పద్ధతి) కాని పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్లతో ఇంకా కష్టం. కంటికి చక్కటి తెలుగు కనిపిస్తుంది, చెవికి మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వినిపిస్తాయి. అలాంటి కాగితాన్ని లెన్స్‌తో ఫొటో తీసి, వచ్చిన తెలుగును కాపీ చేసుకుని వింటాను. అంకెలను మాత్రం కాగితంతో తప్పకుండా సరిచూస్తాను. కొత్తగా ఫైళ్లు తయారుచేసే ప్రతివాళ్లూ యూనికోడ్‌లో టైపు చేస్తే మాలాంటివాళ్లకు సగం భారం తగ్గుతుంది.

పిల్లల విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ సాధనం చదివి పెడుతుంది, చదవడం నేర్పదు. మా పాప చదువుకునే బడిలో ‘పెద్దయ్యాక అదే వస్తుందిలే’ అన్నారు. అది వినేసి ఊరుకుంటే విలువైన ఏళ్లు పోతాయి. శబ్దానికీ అక్షరానికీ ఉన్న సంబంధాన్ని ఒక్కో మెట్టూ వరసగా, చూస్తూ, వింటూ, పలుకుతూ, వేలితో దిద్దుతూ నేర్పించాలి. ఆర్టన్-గిల్లింగ్‌హామ్ పేరుతో 1930ల నుంచీ ఉన్న పద్ధతికి మూలం ఇదే. పాపకు నేర్పే స్పెషల్ ఎడ్యుకేటర్ పళ్లెంలో బియ్యం పోసి, ‘ష’ని పలికిస్తూ దిద్దించేది. అక్షరాభ్యాసం నాటి పళ్లెం మళ్లీ వచ్చిందని మా అమ్మ ఎంత సంతోషపడిందో. ఎవరి దగ్గర చేర్పించినా వాళ్లకు, ఇలాంటి టీచర్లను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. నయం చేస్తామని గ్యారంటీ ఇచ్చే చోటికి వెళ్లకండి.

వైకల్య సర్టిఫికెట్ తీసుకుంటే పిల్ల మీద ముద్ర పడుతుందని అక్క చాలా టెన్షన్ పడింది. తీసుకోవాలనే నేనన్నాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అభ్యసన వైకల్యం కూడా ఉంది, డిస్‌లెక్సియా దాని కిందికే వస్తుంది. సర్టిఫికెట్ ఉంటే సీబీఎస్‌ఈ పరీక్షల్లో గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం వస్తుంది, రాసిపెట్టే మనిషినీ అడగవచ్చు. ముద్రిత పుస్తకం చదవలేనివాళ్ల కోసం 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ డిస్‌లెక్సియా ఉన్నవాళ్లకూ పనికొస్తుంది.

ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ఈ సంగతి పైకి చెప్పడానికే వెనకాడతారు. ఆ భయం నాకు తెలుసు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్న 4 శాతం దివ్యాంగుల రిజర్వేషన్‌లో అభ్యసన వైకల్యానికీ చోటుంది. ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని అదే చట్టం చెబుతోంది. మీ సంస్థ హెచ్‌ఆర్‌ని ఆ కాగితం అడగండి. అడిగేటప్పుడు జబ్బు పేరుతో కాకుండా పని పేరుతో అడిగితే త్వరగా అర్థమవుతుంది. నేను మా మేనేజర్ దగ్గరికెళ్లి, “సార్, మీటింగ్ కాగితాలు ముందురోజు సాయంత్రం వర్డ్ ఫైల్‌గా పంపితే నేను విని వస్తాను. అక్కడికక్కడ అందరిముందూ చదవమంటే నావల్ల కాదు” అన్నాను. “దానికేముందమ్మా, మెయిల్ పెట్టిస్తాను” అన్నారు. ఇప్పుడు ఆ ఫైళ్లు కూకట్‌పల్లి వెళ్లే మెట్రోలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటాను. అనుమానం వచ్చిన చోట ఆపి, ఇంటికెళ్లాక కంప్యూటర్‌లో ఆ పేరాను చూస్తూ మరోసారి వింటాను.